నీటి రాకెట్‌లో నీళ్ల పనేమిటి?

సైన్స్ ఫెయిర్ రోజుల్లో నెల్లూరు, ఒంగోలు వైపు ఏ హైస్కూలుకు వెళ్లినా కూల్‌డ్రింక్ సీసాకు రెక్కలు అంటించిన రాకెట్ ఒకటి బల్ల మీద ఖాయంగా ఉంటుంది. పక్కన చార్టు, దాని మీద న్యూటన్ మూడో గమన నియమం. బల్ల వెనక నిలబడ్డ పిల్లాణ్ని ‘నీళ్లెందుకు పోశావు నాయనా, ఒట్టి గాలి కొడితే లేవదా?’ అని అడిగితే వాడు సార్ వైపు చూస్తాడు. సార్ చార్టు వైపు చూస్తారు.

రాకెట్లు ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. శ్రీహరికోట నుంచి 1971 అక్టోబరు 9న రోహిణి ఆర్‌హెచ్-125 అనే చిన్న రాకెట్‌తో ప్రయోగాలు మొదలయ్యాయి. 2022లో జిల్లాల విభజనప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి వెళ్లిపోయింది గానీ, ప్రయోగం ఉందంటే నెల్లూరులో మేడ ఎక్కి దక్షిణం వైపు చూసే అలవాటు మాత్రం ఎక్కడికీ పోలేదు. అక్కడ మంట కనిపిస్తుంది, ఇంధనం మండుతోందని అర్థమవుతుంది. సీసా రాకెట్‌లో మంట ఉండదు, బయటికి వచ్చేవి నీళ్లే. దాంతో నీళ్లే ఇంధనమని పిల్లలు తేల్చేసుకుంటారు. తికమకంతా అక్కడే మొదలవుతుంది.

నీళ్లు ఇంధనం కావు. వాటిని ఎంత నొక్కినా దాదాపు అంతే ఉంటాయి, కాబట్టి వాటిలో శక్తిని దాచలేం. పంపు కొట్టిన చేతుల కష్టమంతా సీసాలో నలిగిన గాలిలో నిలవ ఉంటుంది. మరి నీళ్లెందుకు అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకునే ముందు ఇంకో అపోహ వదిలించుకోవాలి.

నీళ్లు నేలను తంతే ఆ ఊపుకు సీసా లేస్తుందని చాలామంది అనుకుంటారు. పిల్లల్ని తప్పుపట్టడానికి లేదు. 1920లో ‘న్యూయార్క్ టైమ్స్’ సంపాదకీయమే ఇలాంటి మాట రాసింది. శూన్యంలో తన్నడానికి ఏమీ ఉండదు కదా, అక్కడ రాకెట్ ఎలా కదులుతుందని అమెరికా రాకెట్ శాస్త్రవేత్త రాబర్ట్ గొడార్డ్‌ను ఎగతాళి చేసింది. అపోలో 11 చంద్రుడి దారిలో ఉండగా, 1969 జులై 17న, తమది పొరపాటేనని అదే పత్రిక ఒప్పుకుంది.

అసలు తోపుడు సీసా లోపలే ఉంది. మూతి మూసి ఉన్నంతసేపూ లోపలి గాలి పైకి ఎంత నొక్కుతుందో కిందికీ అంతే నొక్కుతుంది, లెక్క సరిపోతుంది. మూతి తెరుచుకోగానే కింద ఆ మేర నొక్కించుకోవడానికి గోడ ఉండదు. పైన గోడ అలాగే ఉంటుంది. కూల్‌డ్రింక్ సీసా మూతి లోపలి వ్యాసం సుమారు 22 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యం 3.8 చదరపు సెంటీమీటర్లు. లోపల 4 బార్ల గాలి ఉంటే (బార్ ఒత్తిడికి కొలమానం, 4 బార్లంటే పంక్చర్ షాపు మీటరు మీద 60 కింద లెక్క) ఒక్క మూతి దగ్గరే 15 కిలోల తేడా వస్తుంది. నీళ్లు పరుగు అందుకున్నాక మెడ దగ్గరి గోడల మీద కూడా ఒత్తిడి పడిపోతుంది కాబట్టి మొత్తం తోపుడు దానికి రెట్టింపు, 30 కిలోల దాకా ఉంటుంది. తోయాల్సిన బరువు నీళ్లతో కలిపి ముప్పావు కిలో కూడా ఉండదు. త్వరణం గురుత్వ త్వరణానికి 40 రెట్లన్నమాట. 640 టన్నుల ఇస్రో రాకెట్ ఎల్‌వీఎం3 బద్ధకంగా లేస్తుంటే, మన సీసా ‘ధబ్’ మని మాయమయ్యేది ఇందుకే. మొదటి సెకనులో పందెం పెడితే గెలిచేది సీసానే.

ఇక నీళ్ల సంగతి. రాకెట్ పైకి పోవాలంటే దానికి ద్రవ్యవేగం కావాలి, అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది. రాకెట్‌కు పైకి ఎంత ద్రవ్యవేగం దక్కాలో, అంత ద్రవ్యవేగంతో ఏదో ఒకటి కిందికి పోవాలి. మన దగ్గర ఉన్నదేమో పంపు కొట్టి దాచిన కాస్త శక్తి. ఆ శక్తిని దేని మీద ఖర్చు పెడితే ఎక్కువ ద్రవ్యవేగం వస్తుందన్నదే ప్రశ్న. గతిజశక్తిలో వేగానికి వర్గం ఉంటుంది, ద్రవ్యవేగంలో ఉండదు. ఈ ఒక్క తేడాలోనే మర్మమంతా ఉంది. అంతే శక్తితో నాలుగు రెట్లు బరువైన వస్తువును విసిరితే దాని వేగం సగమే అవుతుంది. నాలుగింటిని సగంతో గుణించండి, ద్రవ్యవేగం రెండింతలు. బకింగ్‌హాం కాలువలో పడవ మీద నిలబడి గులకరాయిని ఎంత గట్టిగా విసిరినా పడవ ఉలకదు. అదే బలం పెట్టి ఇసుక బస్తాను నీళ్లలోకి తోస్తే పడవ వెనక్కి జరుగుతుంది.

రెండు లీటర్ల సీసాలో 4 బార్ల ఒట్టి గాలి నింపామనుకుందాం. విప్పగానే బయటికి పోయే గాలి బరువు సుమారు 8 గ్రాములు. అది సెకనుకు 300 మీటర్ల పైన వేగంతో పోయినా, రాకెట్‌కు దక్కే ద్రవ్యవేగం (కిలోలను సెకనుకు మీటర్లతో గుణిస్తే) 3 యూనిట్ల లోపే. అదే సీసాలో 600 మిల్లీలీటర్ల నీళ్లు పోసి అంతే ఒత్తిడి పెడితే, 600 గ్రాముల నీళ్లు సగటున సెకనుకు 24 మీటర్ల వేగంతో పోతాయి. ద్రవ్యవేగం 14 దాటుతుంది. తమాషా ఏమిటంటే ఒట్టి గాలి సీసాలో గాలి ఎక్కువ పడుతుంది కాబట్టి శక్తి కూడా ఎక్కువే. శక్తి ఎక్కువున్న సీసా తక్కువ ఎత్తు పోతుంది. అందుకని మొదటి ప్రశ్నకు నిజాయితీ గల జవాబు: లేస్తుంది, కాకపోతే సగం ఎత్తు దగ్గరే ఆగిపోతుంది. క్లాసులో నేనైతే ముందు ఒట్టి గాలి సీసానే ఎగరేయిస్తాను. పిల్లల ముందు నీళ్ల అవసరం తేలడానికి అంతకన్నా మంచి దారి కనిపించలేదు.

నీళ్లు ఎక్కువైతే మంచిదే కదా అని సీసాకు ముప్పావు పోసేవాళ్లున్నారు. అక్కడ కథ అడ్డం తిరుగుతుంది. లీటరున్నర నీళ్లు పోస్తే గాలికి మిగిలేది అర లీటరు జాగా. ఆ అర లీటరు గాలి 4 బార్ల నుంచి విచ్చుకుంటూ బయటి గాలితో సమానమయ్యే సరికి లీటరున్నర కన్నా కొంచెమే ఎక్కువ జాగా ఆక్రమిస్తుంది. అంటే బయటికి తోసింది దాదాపు 1.1 లీటర్లు. మిగతా 400 మిల్లీలీటర్లు లోపలే ఉండిపోతాయి. తోయాల్సిన నీళ్లను రాకెట్ తనే మోసుకుంటూ కాస్త దూరం లేచి, అర కిలో బరువుతో కిందికి వస్తుంది. ఎత్తు రాకపోవడం ఒక్కటే కాదు, అది నెత్తిన పడితే పెద్ద ప్రమాదం.

సీసాలో మూడో వంతు నీళ్లు పోయాలని అందరూ చెబుతారు. అది తప్పేమీ కాదు గానీ, దాన్ని సూత్రంలా పట్టుకోనక్కర్లేదు. నీళ్ల కొలతకూ ఎత్తుకూ గ్రాఫ్ గీస్తే మొదట గబగబా లేచి, నడుమ చాలా దూరం బల్లపరుపుగా సాగి, చివర్లో జారిపోతుంది. రెండు లీటర్ల సీసాలో 400 నుంచి 800 మిల్లీలీటర్ల దాకా ఎత్తులో తేడా చాలా స్వల్పం. అంతకన్నా ఆ రోజు వీచిన గాలి వల్ల వచ్చే తేడానే ఎక్కువ. 650 మంచిదా 700 మంచిదా అని రెండు గ్రూపులు తగువులాడుకుంటుంటే, ఆడుకోనివ్వండి, తర్వాత ఈ గ్రాఫ్ గీయించండి.

మొబైల్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే ఇంకో అపోహ కూడా పోతుంది. పైకి వెళ్తున్నంతసేపూ నీళ్లు తోస్తూనే ఉంటాయని చూసేవాళ్లకు అనిపిస్తుంది. నిజానికి ఆ 600 మిల్లీలీటర్లు బయటికి రావడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. మామూలు వీడియోలో అది రెండు మూడు ఫ్రేములు, అంతే. సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోనులో పదిహేను పైచిలుకు దొరుకుతాయి. వాటిని ఒక్కోటీ జరుపుతూ చూడండి. సీసా మనిషెత్తు దాటేలోపే తెల్లటి నీటి స్తంభం తెగిపోతుంది. ఆ వెంటనే మూతిలోంచి పొగలాంటిది చిమ్ముతుంది. అప్పటికి సీసాలో ఇంకా 2 బార్ల గాలి మిగిలి ఉంటుంది, అది పోతూ పోతూ చివరి తోపు తోస్తుంది. సీసా లోపల కూడా తెల్లగా పొగమంచు పట్టి ఉంటుంది. గాలి ఒక్కసారిగా విచ్చుకోవడంతో చల్లబడి, అందులోని ఆవిరి సన్నటి తుంపరగా మారింది. ఆకాశంలో మేఘం పట్టేదీ ఇదే పద్ధతిలో, తేమ గాలి పైకి లేచి విచ్చుకుని చల్లబడినప్పుడు. కిందపడ్డ సీసాను వెంటనే తీసి చూస్తే ఒక్కోసారి ఆ మబ్బు ఇంకా లోపల తచ్చాడుతూ కనిపిస్తుంది. రాకెట్ కోసం వచ్చిన పిల్లలకు మేఘాల పాఠం ఉచితం.

ఇంతా చేసి, రాకెట్ నిటారుగా పోకపోతే పై లెక్కలన్నీ దండగ. మొదటిసారి చేసిన రాకెట్లు చాలావరకు పది మీటర్లు లేవగానే పిల్లిమొగ్గలు వేస్తాయి. ‘రెక్కలు చిన్నవైనాయి సార్’ అని పిల్లలు పెద్ద రెక్కలు కోస్తారు. చాలాసార్లు లోపం రెక్కల్లో ఉండదు, ముక్కులో ఉంటుంది. ఎగిరే సీసాకు రెండు చోట్లు ముఖ్యం. బరువంతా ఒక్కచోట ఉన్నట్టు పనిచేసే బిందువు గరిమనాభి. పక్క నుంచి తగిలే గాలి తాకిడి అంతా ఒక్కచోట ఉన్నట్టు పనిచేసేది పీడన కేంద్రం. గరిమనాభి ముక్కు వైపు, పీడన కేంద్రం తోక వైపు ఉంటే, రాకెట్ కాస్త వంకర తిరగ్గానే గాలి తోకను వెనక్కి సర్దుతుంది. అవి తారుమారైతే అదే గాలి వంకరను ఇంకా పెంచుతుంది. రెండింటి మధ్య కనీసం సీసా లావంత దూరం ఉండాలని రాకెట్లు చేసేవాళ్లు పాటించే లెక్క.

గరిమనాభిని స్కేలు అంచు మీద సీసాను నిలబెట్టి పట్టుకోవచ్చు. పీడన కేంద్రానికి రాకెట్ పక్క ఆకారాన్ని అట్ట మీద గీసి, కత్తిరించి, ఆ అట్ట ఎక్కడ తూగుతుందో చూస్తే బడి స్థాయికి సరిపోతుంది. ఈ పరీక్ష ఖాళీ సీసాతోనే చేయాలి. నీళ్లు మనిషెత్తు లోపే అయిపోతాయని చెప్పుకున్నాం కదా, మిగతా ప్రయాణమంతా ఖాళీ సీసాదే. ఆ తర్వాత గరిమనాభి దగ్గర నాలుగైదు అడుగుల దారం కట్టి, ఖాళీ జాగాలో చుట్టూ తిప్పి చూడాలి. ముక్కు ముందుండి తిరిగితే ఎగరేయొచ్చు. తోక ముందుకొచ్చినా, అడ్డంగా తిరిగినా ముక్కులో ఇంకొంచెం బంకమట్టి పెట్టాలి.

మట్టి పెట్టమంటే పిల్లలు బెంగపడతారు, బరువెక్కితే ఎత్తు పోతుందేమోనని. రెండు లీటర్ల సీసా పది సెంటీమీటర్ల పైన లావుంటుంది, దానికి గాలి నిరోధం చాలా ఎక్కువ. మరీ తేలికైన సీసా వేగంగా బయల్దేరినా గాలి దాన్ని అంతే త్వరగా ఆపేస్తుంది. లెక్క కట్టి చూస్తే 60 గ్రాముల రాకెట్ కన్నా 150 గ్రాములది కాస్త ఎక్కువే పోతుంది. కాబట్టి ముప్పై నలభై గ్రాముల మట్టితో నష్టం లేదు. దాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి, ముందు భాగాన సగం కోసిన టెన్నిస్ బంతి పెట్టండి. మొనదేలిన గట్టి ముక్కు మాత్రం వద్దు. పైనుంచి పడేటప్పుడు దాని వేగం గంటకు 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది.

సీసా ఎంపికలో బేరం పనికిరాదు. గ్యాసున్న కూల్‌డ్రింక్ సీసా మాత్రమే వాడాలి. ఆ గ్యాసు ఒత్తిడికి తట్టుకునేలాగే దాన్ని చేస్తారు, అడుగున అయిదు కాళ్లుండేదీ అందుకే. తాగునీళ్ల సీసాలు పల్చటివి, ఒత్తిడి కోసం చేసినవి కావు. రెక్కలకు పాత ప్లాస్టిక్ ఫైలు అట్టలు బాగా పనికొస్తాయి. మామూలు అట్ట ఒక్క ఎగురుడుకే నాని వంగిపోతుంది. రెక్కలను టేపుతో అంటించడం మేలు. గ్లూ గన్ వేడికి సీసా గోడ మెత్తబడి అక్కడే బలహీనపడుతుంది. మన ఎండల్లో మైదానంలో వదిలేసిన సీసాదీ అదే గతి, వాడే దాకా నీడలో ఉంచాలి.

లాంచర్ రెండు రకాలుగా చేస్తారు. రబ్బరు బిరడాకు ఫుట్‌బాల్ పంపు సూది గుచ్చి, సైకిల్ పంపు తగిలించేది సులువైనది. పంపు కొడుతూ పోతే ఎప్పుడో బిరడా ఊడి రాకెట్ లేస్తుంది. ఆ ‘ఎప్పుడో’తోనే వస్తుంది చిక్కు. ఒత్తిడి ఎంతుండగా ఊడిందో తెలియకపోతే, రెండు ప్రయోగాలను పోల్చలేం. చూపించి చప్పట్లు కొట్టించుకోవడానికి అది చాలు, కొలిచి తేల్చడానికి చాలదు. పరీక్షలు చేయదలుచుకుంటే మీటరున్న పంపు, ట్యూబ్‌లెస్ టైరు వాల్వు, అర అంగుళం యూపీవీసీ పైపు తీసుకోండి. ఆ పైపు సీసా మూతిలో దాదాపు సరిగ్గా ఇముడుతుంది, ఓ-రింగ్ (సన్నటి రబ్బరు ఉంగరం) పెడితే గాలి పోదు. పైపు చుట్టూ కేబుల్ టైల తలలు సీసా మెడ కింది అంచును పట్టుకుని ఉంటాయి. వాటిని బిగించి ఉంచే పెద్ద పైపు ముక్కను దారంతో కిందికి లాగితే పట్టు వదులుతుంది. ఎప్పుడు వదలాలన్నది మన చేతిలో ఉంటుంది.

పీడనం 4 బార్లు దాటనివ్వకండి. కొత్త సీసా పగలాలంటే సుమారు 10 బార్లు కావాలి, నిజమే. మన సీసా కొత్తది కాదు, ఎన్నోసార్లు కిందపడి సొట్టలు పోయింది. సీసాను పంక్చర్ షాపుకు తీసుకెళ్లి ‘అన్నా, ఎనభై కొట్టు’ అనే పిల్లలుంటారు, ముందే చెప్పి పెట్టుకోవాలి. కంప్రెసర్ కొట్టే వేగానికి మీటరు చూసేలోపే హద్దు దాటుతుంది.

సీసా బలం తెలుసుకోవడానికి భయం లేని పద్ధతి ఒకటుంది. అంచుల దాకా నీళ్లు నింపి, గాలి బుడగ కూడా లేకుండా చేసి, అప్పుడు పంపు కొట్టాలి. నీళ్లలో శక్తి నిలవ ఉండదని మొదట్లో చెప్పుకున్నది ఇక్కడ ఉపయోగపడుతుంది. సీసా పగిలినా చీలిక లోంచి నీళ్లు కారతాయి, అంతే. అదే ఒత్తిడికి గాలితో పగిలితే పిల్లల కళ్లు పోయే ప్రమాదం ఉంది. ఈ పరీక్ష 5 బార్ల దగ్గర పాసైన సీసాలనే 4 బార్లకు వాడాలి. కంటికి అద్దాలు, పది మీటర్ల దారం, దారం లాగినా లేవని రాకెట్ దగ్గరికి వెళ్లే ముందు గాలి తీసేయడం: వీటిలో ఏదీ మినహాయించదగ్గది కాదు.

ప్రయోగానికి పొద్దునపూట మంచిది. తీరం దగ్గరి ఊళ్లలో పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి లేస్తుంది. గాలి ఎటు కొడితే రాకెట్ అటు కొట్టుకుపోతుందని అనుకుంటాం. బాగా కుదిరిన రెక్కలున్న రాకెట్ దీనికి తిరకాసు: గాలి తోకను నెట్టడంతో ముక్కు గాలికి ఎదురు తిరుగుతుంది. సముద్రపు గాలిలో వదిలిన రాకెట్ సముద్రం వైపే వంగుతుంది. జనాన్ని ఎటు నిలబెట్టాలో దీన్ని బట్టి చూసుకోవాలి.

ఎత్తు కొలవడానికి పదో తరగతి త్రికోణమితి చాలు. కోణమానినికి దారం, దారానికి ఒక నట్టు కట్టి, 30 మీటర్ల దూరం నుంచి రాకెట్ శిఖరాన్ని చూసి ఊర్ధ్వకోణం రాసుకోవాలి. 57 డిగ్రీలు వస్తే టాన్ విలువ 1.54, దాన్ని 30తో గుణిస్తే 46 మీటర్లు, దానికి చూసినవాళ్ల కంటి ఎత్తు కలపాలి. ఒక డిగ్రీ తప్పితే దాదాపు రెండు మీటర్లు తేడా వస్తుంది. రాకెట్ చూసేవాళ్ల వైపు వంగితే ఉన్నదానికన్నా ఎక్కువ ఎత్తు కనిపిస్తుంది, అవతలికి వంగితే తక్కువ. అందుకే గాలి తూర్పు నుంచి వస్తుంటే ఒకరిని ఉత్తరాన, ఇంకొకరిని దక్షిణాన నిలబెట్టి, ఇద్దరి కొలతలకు సగటు తీయాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి: నీళ్లు మారిస్తే ఒత్తిడి మార్చకూడదు, రెక్కలు ముట్టుకోకూడదు.

దీనికి స్టాప్‌వాచ్‌తో సాక్ష్యం తెచ్చుకోవచ్చు. లేచిన క్షణం నుంచి నేల తాకే దాకా పట్టిన సెకన్లను వర్గం చేసి 1.2తో గుణిస్తే మీటర్లలో ఎత్తు వస్తుంది. ఆరు సెకన్లయితే 43 మీటర్లు. ఈ సూత్రం గాలి నిరోధం లేదనుకుని కట్టింది, మన సీసాకేమో నిరోధం బాగా ఉంది, ఇక నమ్మేదెలా అని తెలివైన పిల్ల ఎవరో ఒకరు అడుగుతారు, అడగాలి కూడా. నిరోధం వల్ల రాకెట్ పైకి పోయే సమయం తగ్గుతుంది, కిందికి వచ్చే సమయం పెరుగుతుంది. మన సీసాకు లెక్కిస్తే పైకి దాదాపు 2.6 సెకన్లు, కిందికి 3.5. ఒకటి తగ్గి ఒకటి పెరిగి మొత్తం దాదాపు సరిపోతుంది, అందుకే తప్పు ఊహ మీద కట్టిన సూత్రం ఇక్కడ ఒప్పు జవాబుకు దగ్గరగా వస్తుంది. కోణంతో వచ్చిన ఎత్తు, గడియారంతో వచ్చిన ఎత్తు ఐదారు మీటర్ల తేడాలో ఉంటే నోట్సులో రాసుకోవచ్చు. తేడా పది దాటితే కోణం చూసినవాళ్లను కోప్పడే ముందు, అడుగులతో లెక్కపెట్టిన ఆ 30 మీటర్లను టేపు పట్టి మళ్లీ కొలవండి.